నార్కట్‌పల్లి ప్రాంతమునందలి యగ్నిసాధనములు

హైదరాబాదునుండి విజయవాడకుఁ బోవు రహదారిమీఁద నల్లగొండ జిల్లాలో నార్కట్‌పల్లి యను నూరు కలదు. నల్లగొండ మీఁదుగా అద్దంకికిఁ బోవు దారి యిచ్చటనే చీలును. ఊరికి సమీపమున చెరువుగట్టు గుట్ట. గుట్టమీఁద పార్వతీ జడల రామలింగేశ్వరస్వామి యాలయము. ఆ లింగమును పరశురాముఁడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. మాఘమాసమున జరుగు బ్రహ్మోత్సవములలో అగ్నిగుండములు త్రొక్కుట యిచ్చటి ప్రసిద్ధాచారము. జనులు గుండము చుట్టును గుమిగూడి, స్వామిని దలఁచుకొని, నిప్పులమీఁద నడచిపోదురు.

ఆ గుండము నొకమాఱు చూచి తిరిగివచ్చుచుండఁగా నాకొక ప్రశ్న తోఁచినది. ఇన్ని కట్టెలు, ఇంత నిప్పు, ఇంత భక్తి కన్నులకుఁ గనఁబడుచున్నవి. కాని మొట్టమొదటి నిప్పురవ్వ యెక్కడిది? నేఁడు దీనికి జవాబు సులభము: అగ్గిపుల్ల. అగ్గిపుల్ల లేని నాఁడు ఈ గుట్టల నడుమ మనుష్యుఁడు నిప్పు నెట్లు పుట్టించెను? గొఱ్ఱెలకాపరి బయట మందయొద్ద, బాటసారి చెట్టుక్రింద, చెంచు నల్లమల యడవిలో, దేనితో మంట చేసికొనిరి?

రాజుల దానశాసనములను గుఱించియు, దేవాలయముల శిల్పమును గుఱించియు మన పరిశోధకులు విశేషముగా వ్రాసినారు. ప్రతిదినము ప్రతియింటఁ గావలసివచ్చిన యీ విద్యను గుఱించి వ్రాసినది మిక్కిలి తక్కువ. సామాన్యజనుల తిండి, బట్ట, ఆట, నమ్మకము, ఇవియును జరిత్రయే యని సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో నిరూపించిరి. ఆ త్రోవనే నడచి, ఈ ప్రాంతపు రాళ్ళను, చెట్లను, మాటలను, ఆచారములను సాక్షులుగాఁ బిలిచి, పై ప్రశ్నకు సమాధానము వెదకుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

రెండు రాళ్ళ కథ

ఆదిమానవుఁడు రెండు రాళ్ళను గొట్టి నిప్పు పుట్టించుచున్నట్లు పిల్లల పుస్తకములలో బొమ్మలు తఱుచుగాఁ గనఁబడును. చిన్ననాఁటినుండి మన మందఱము దానిని నమ్మియున్నాము. నేనును నమ్మితిని. నార్కట్‌పల్లి చుట్టుపట్ల గుట్టలన్నియు గ్రానైటురాతివి. ఆ రాతి పగుళ్ళలో తెల్లని పలుగురాయి చాళ్ళుచాళ్ళుగా నుండును. అది విఱిగి పొలముగట్ల మీఁదను, బాటలవెంటను జల్లినట్లు పడియుండును. కాఁబట్టి రాళ్ళకుఁ గొదువ లేదు. రెండు మంచి రాళ్ళ నేరి తెచ్చి, చీఁకటిగదిలోఁ గూర్చుండి, ఒకదానితో నొకదానిని గొట్టియు, ఒరసియుఁ జూచితిని.

కొట్టినప్పుడు రాతిలోపల నొక లేఁత వెలుఁగు మెఱసినది. వింతయైన కమురువాసన వచ్చినది. అంతే. ఆ వెలుఁగు దూదిని ముట్టింపలేదు. ఎండుగడ్డిని ముట్టింపలేదు. గంటసేపు శ్రమపడి వ్రేళ్ళు కందుటయే ఫలము. రాతిలోఁ బుట్టు నా కాంతి మండుచున్న పదార్థముయొక్క కాంతి కాదు. పలుగురాయి నొరసినను విఱిచినను గలుగు నొక చల్లని మెఱపు. దానితోఁ బొయ్యి వెలిఁగింప వీలు లేదు.

అట్లయిన రాతినుండి నిప్పు వచ్చుననుట యబద్ధమా? కాదు, కాని సగము మాట. నిప్పురవ్వ పుట్టుటకు రాయి గాక, మండఁగల రెండవ వస్తువొకటి కావలెను. ఐరోపాఖండమున లోహయుగమునకుఁ బూర్వమే కొందఱు చకుముకిరాతితో మాక్షికమును గొట్టి నిప్పు తీసిరి. మాక్షికమన నినుమును గంధకమును గలసిన ఖనిజము. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో సుమారు 5,300 ఏండ్లనాఁటి మనుష్యుని దేహము దొరకినది. వానియొద్దనున్న, నిప్పు పట్టించుటకుఁ బనికివచ్చు చెట్టుబూజుమీఁద మాక్షికపు జాడలు కనఁబడినవి. ఆ మనుష్యుఁడే ఆకులలోఁ జుట్టిన బొగ్గులను బెరడుతోఁ జేసిన బరిణెలోఁ బెట్టుకొని తిరిగెను. అనఁగా నిప్పు పుట్టించు సాధనము గలవాఁడు సైతము, నిప్పును వెంటఁ గొనిపోవు నుపాయమును విడువలేదు. ఈ విషయమును పాఠకులు మనసునం దుంచుకొందురుగాక. దీనితో మనకు మరల పని కలుగును.

మాక్షికము లేనిచోట రెండవ వస్తువు ఇనుము, అందును ఉక్కు. పలుగురాయి యంచు ఉక్కుకంటెఁ గఠినము. రాయి యుక్కును గీఱఁగా సన్నని తునుకలు లేచును. ఆ రాపిడివేఁడికి, గాలి తగిలిన తోడనే అవి మండును. మనము చూచు రవ్వలు రాతిముక్కలు గావు, మండుచున్న ఉక్కుపొడి. రాయి కొట్టునది, మండునది యుక్కు. మెత్తని యినుముకంటెఁ బదునెక్కిన యుక్కు రవ్వలను బాగుగా నిచ్చును. కనుకనే పాఁత ఆకురాయి తునుక, విఱిగిన కొడవలిముక్క యిందుకుఁ బనికివచ్చినవి. ఇందువలన నొక చారిత్రకాంశము తేలుచున్నది: పలుగురాయి తప్ప వేఱు సాధనము లేని యీ గ్రానైటు భూములలో రాతితో నిప్పు తీయు విద్య ఇనుము వచ్చిన పిమ్మటిదే కావలెను. తెలంగాణమున బృహచ్ఛిలాసమాధులు నిర్మించినవారికి ఇనుము తెలియును. నల్లగొండ జిల్లాలో నుండి నేఁడు యాదాద్రి భువనగిరి జిల్లాలోఁ జేరిన రాయగిరి మొదలగు తావులలో నట్టి సమాధులు కలవు. వారికి ముందున్నవారు కఱ్ఱనే నమ్ముకొని యుండవలెను.

చకుముకి నేర్చిన విధము

గుట్టక్రింద గొఱ్ఱెలు మేపుచున్న యొక వృద్ధుఁ డీ విద్యను నాకుఁ జూపెను. వాని తండ్రి వాడిన సరంజామా వానియింట నింకను గలదు: ఒక తోలుసంచి, అందులో నల్లబడిన యుక్కుముక్క, అంచు వాఁడిగాఁ దీసిన రాయి, మూఁతగల చిన్న వెదురుగొట్టములో దూది. ఇప్పుడు వాఁడును జేబులో అగ్గిపెట్టెయే యుంచుకొనును. తండ్రిగుఱుతుగా సంచిని దాఁచియుంచెను. వాని మనుమలలో నొక్కరికిని దాని యుపయోగము తెలియదు.

పద్ధతి చూచుటకు సులభము. ఎడమచేత రాతిని బట్టి, దాని యంచునకు దగ్గఱగాఁ బైని దూదిని బొటనవ్రేలితో నదిమి పట్టవలెను. కుడిచేతి యుక్కుతో అంచును రాచుచుఁ బైనుండి క్రిందికిఁ గొట్టవలెను. రవ్వ లేచి దూదిలోఁ బడును. దూది మండదు, ఎఱ్ఱని చుక్కయై కమలుచుండును. ఆ చుక్కను ఎండుగడ్డి గూఁటిలోఁ బెట్టి, చేతులతో మూసి, మెల్లమెల్లగా నూదవలెను. పొగ చిక్కనైన పిమ్మట మంట లేచును.

మొదటిదినము నా చేత మంట లేవలేదు. రవ్వలు వచ్చినవి, పెక్కు వచ్చినవి. ఒక్కటియును దూదిలో నిలువలేదు. రాతిని మార్చితిని. ఉక్కును ద్రిప్పి పట్టితిని. బలముగాఁ గొట్టి వ్రేలు చితుకఁగొట్టుకొంటిని. రాయి మంచిది కాదని విసిగి పాఱవేయఁబోఁగా, ఆ వృద్ధుఁడు నవ్వి, “రాయిది తప్పు గాదు సారూ, దూదిల తేమున్నది” అనెను. నేను బజారునఁ గొన్న కొత్తదూదిని దెచ్చితిని. అది తెల్లనిది, శుభ్రమైనది, పనికిమాలినది. వాఁడు పాఁత నూలుగుడ్డ నొకదానిని మూఁతపెట్టిన డబ్బాలో నుంచి, గాలి సోఁకకుండ నిప్పులమీఁద మాఁడ్చెను. గుడ్డ బూడిద గాలేదు; నల్లని పొరయై మిగిలెను. మఱునాఁడు దానిని రాతిమీఁదఁ బెట్టి కొట్టఁగా నాలుగవ దెబ్బకు రవ్వ నిలిచినది. ఆ యెఱ్ఱచుక్క పొరలో నలువైపుల ప్రాఁకుట చూచినప్పుడు నాకుఁ గలిగిన యానందము చెప్పనలవి కాదు.

మంట లేచిన పిమ్మట వృద్ధుఁడు చేసిన పనియుఁ జెప్పవలెను. కొంతసేపు చూచి, మంటమీఁద నీరు చల్లి, బూడిదను జేతితోఁ దడవి, మన్ను కప్పెను. “పుట్టించినోడే ఆర్పాలె” అనెను. ఎండకాలమున గడ్డి యెండిన గుట్టమీఁద నిది విద్యలో సగము.

ఈ రెండుదినముల యనుభవమువలన నేను నేర్చిన దొకటి కలదు. రవ్వను బుట్టించుట కొంచెము నేర్పరియైన ప్రతివానికిని సాధ్యమే. రవ్వను బట్టి నిలుపు పదార్థమును ముందుగా సిద్ధపఱచుటయే అసలైన విద్య. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగాఁ బ్రకటించిన దక్షిణభారత కులజాతుల గ్రంథమున చెంచులు రాతితోను, ఉక్కుతోను, తెల్లబూరుగు దూదితోను నిప్పు చేసికొనుట చెప్పఁబడినది. రాతితోఁ బాటు దూదిని సైతము ఏ చెట్టుదో గుర్తించి చెప్పుట యిచ్చట గమనింపఁదగినది. జీలుగుచెట్టు పెరుగు చోట్ల దాని మట్టల మొదళ్ళనుండి తీసిన నూఁగు నిట్లే వాడిరి. ఏ యడవివారి కా యడవి దూది. రాయి యెచ్చటనైనను దొరకును. దూదిని గుర్తెఱుఁగుటయే ప్రాంతీయజ్ఞానము.

మాటల సాక్ష్యము

వస్తువునకుఁ గల పేరు దాని చరిత్రలోఁ గొంత చెప్పును. తెలుఁగున నిప్పునకు సంబంధించిన ముఖ్యపదములు మూఁడు త్రోవల వచ్చినవి. ‘నిప్పు’ ద్రావిడపదము, తమిళమునందలి ‘నెరుప్పు’ దీనికి జ్ఞాతి. ‘అగ్గి’ సంస్కృతమందలి ‘అగ్ని’కిఁ బ్రాకృతరూపము. ‘చకుముకి’ యీ రెండింటిలో దేనికిని జెందదు. ఇది తుర్కీభాషలోని ‘చక్మక్’ అను పదము. పారసీకము, హిందుస్థానీ భాషల మీఁదుగా మనకుఁ జేరినది. బ్రౌనుదొర 1852లో వెలువరించిన నిఘంటువులో నిది యన్యదేశ్యముగానే చూపఁబడినది. ‘తుపాకి’ యను పదమునకు సైతము తుర్కీయే మూలము. తుపాకియు జకుముకియు నొకే సైన్యపరిభాషలోనివగుటచే, రాతితో మందు ముట్టించు తుపాకులు వచ్చిన కాలమున నీ పేరు బాగుగా వ్యాపించి యుండుననుట యసంగతము కాదు.

అయితే పేరు వచ్చినంతమాత్రమున వస్తువును నప్పుడే వచ్చెనని చెప్పరాదు. తెలంగాణమున ఉక్కు తుర్కీపదముకంటె నెంతయో ప్రాచీనము. నేఁటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలోఁ గరఁగించి చేసిన యుక్కు దేశాంతరములఁ బేరుగాంచినది. 19వ శతాబ్ది యాదిని వాయ్సీ యను శాస్త్రజ్ఞుఁ డా కొలుములను జూచి వ్రాసెను. పారసీకదేశపు వర్తకులు ఆ యుక్కుకొఱకు నచ్చటికి వచ్చుచుండిరి. ఇచ్చటి యుక్కు పారసీకమునకుఁ బోయినది. పారసీకము మీఁదుగా ‘చకుముకి’ యను మాట యిచ్చటికి వచ్చినది. ఈ రెండును నొకే వర్తకులతో నడచినవని చెప్పుటకు నాధారము లేదు గాని, ఏ విద్యయు నేకదేశసొత్తు గాదని తెలిసికొనుట కీ యొక్క మాట చాలును.

అరణి

ఇఁక ఇనుమునకు ముందున్న కఱ్ఱను గుఱించి విచారింతము. ఒక మెత్తని కఱ్ఱను నేలపై నుంచి, అందలి గుంటలో రెండవ కఱ్ఱను నిలిపి వేగముగాఁ ద్రిప్పినచో, రాపిడికి నల్లని సన్నపొడి రాలును. ఆ పొడి కుప్పయై, వేఁడి హెచ్చి, తనంతట కమలుట కారంభించును. దానినే దూదిలోనికిఁ దీసి యూదుదురు. కఱ్ఱ బాగుగా నెండియుండవలెను. కఠినమైన చేవకఱ్ఱ నున్ననై జాఱును, పొడి రాలదు. థర్‌స్టన్ తన 1906నాఁటి గ్రంథమున దక్షిణదేశపు ఆటవికజాతులు కఱ్ఱలరాపిడితో నిప్పు చేయుటకు నొక ప్రత్యేకప్రకరణమునే కేటాయించెను.

ఈ సామాన్యసాధనమునే వైదికకర్మ శాస్త్రబద్ధము చేసినది. క్రింది కఱ్ఱ అధరారణి, పైది ఉత్తరారణి, ఉత్తరారణి తునుకతోఁ జేసి త్రిప్పునది ప్రమంథము, ప్రమంథమును దాల్చు కదురువంటి కఱ్ఱ చాత్రము, పైనుండి యదిమిపట్టునది ఓవిలి, త్రిప్పు త్రాడు నేత్రము. శమీవృక్షగర్భమునఁ బుట్టిన యశ్వత్థముతో నరణులు చేయవలెనని విధి. అరణికి 24 అంగుష్ఠముల పొడవు, 6 వెడల్పు, 4 మందము ఉండవలెనని కర్మప్రదీపము కొలతలు చెప్పినది. మజ్జిగ చిలుకు కవ్వమును, దాని త్రాటిని జూచిన మన గృహిణికి నీ యంత్రము క్రొత్తది గాదు. నిప్పును ‘మథించుట’ యను మాటయే వెన్న చిలుకుటతోఁ బొత్తు గలది.

శమి యనఁగా జమ్మి. దక్షిణతెలంగాణపు మెట్టలలో నిది స్వయముగాఁ బెరుగు చెట్టు. 2014లో దీనిని తెలంగాణ రాష్ట్రవృక్షముగాఁ బ్రకటించిరి. దసరానాఁడు జమ్మిని బూజించి, ఆకును ‘బంగార’మని పెద్దల చేతిలోఁ బెట్టి మ్రొక్కుట యిచ్చట ఇంటింటి యాచారము. పాండవు లజ్ఞాతవాసమునకుఁ బోవుచు ఆయుధములను జమ్మిపై దాఁచిన కథ యందఱికిని దెలియును. అంతకంటెఁ దక్కువ ప్రసిద్ధమైన దింకొకటి కలదు: భారతమందే అగ్నిదేవుఁడు భృగుశాపమునకు వెఱచి శమీగర్భమున దాఁగినట్లు శల్యపర్వము చెప్పుచున్నది. కాళిదాసునకు సైతము లోపల నిప్పు దాఁచుకొన్న శమి ప్రియమైన యుపమానము. ఆయుధములు దాఁచిన చెట్టును బూజించు మనము, నిప్పును దాఁచిన చెట్టును మఱచితిమి.

అరణి పోయిన నేమగునో తెలుపు కథయు భారతమునఁ గలదు. అరణ్యపర్వాంతమున నొక బ్రాహ్మణుని యరణి చెట్టునకు వ్రేలాడుచుండఁగా, ఒక మృగము వచ్చి కొమ్ములు రాచుకొనెను, అరణి కొమ్ములకుఁ జిక్కుకొనెను, మృగము పరుగెత్తెను. బ్రాహ్మణుఁడు పాండవులయొద్దకు వచ్చి మొఱవెట్టుకొనెను. ఐదుగురును విండ్లు గొని వెంబడించిరి. యక్షప్రశ్నలు దానినుండియే పుట్టినవి. తెలుఁగున నీ ఘట్టము ఎఱ్ఱాప్రగడ పూరించిన భాగమునఁ గలదు. మనము యక్షుని ప్రశ్నలను, ధర్మరాజు జవాబులను జదివి మెచ్చుకొందుము. కథ యంతయు నిప్పు చేసికొను రెండు కఱ్ఱలు పోవుటతో మొదలైనదని తఱుచుగా గమనింపము. అడవిలో నున్నవానికి అవి పోవుట యెంతటి యాపదయో ఆ కథ చెప్పిన పూర్వులకుఁ దెలియును.

ఈ విద్య యింకను నశింపలేదు. గోదావరీతీరమున కోనసీమయందలి యాహితాగ్నుల జీవితములను డేవిడ్ నైప్ 2015లో వెలువరించిన గ్రంథమున వర్ణించెను. కేరళమందలి పాంజాళ్ గ్రామమున 1975లో జరిగిన యగ్నిచయనమున సైతము నరణిమథనము జరిగినది. అంతటను అగ్గిపెట్టె చవుకగా దొరకు కాలమున వా రీ శ్రమను బూనుకొనుట, విద్య చేతినుండి చేతికి మాత్రమే పోవునని యెఱుఁగుటచేతనే గదా!

దాఁచిన నిప్పు

కాని ప్రతిదినము ప్రతియింట నరణి మథించిరా? చకుముకి కొట్టిరా? లేదు. ఇచ్చటనే మన ప్రశ్నకు ముఖ్యమైన జవాబు దొరకుచున్నది. నిప్పు పుట్టించు శ్రమ తెలిసినవారు దాని నాఱనిచ్చువారు కారు. రాత్రి పొయ్యిలో నొక పిడకను మండించి, పైని బూడిద కప్పుదురు. గాలి తక్కువగుటచే పిడక మెల్లమెల్లగాఁ గమలుచు, తెల్లవాఱువఱకు నిప్పును నిలుపును. ఉదయమున బూడిద తొలఁగించి, ఎండుకసవు వేసి యూదిన మంట లేచును. ‘నివురు గప్పిన నిప్పు’ అను సామెత కవుల కల్పన కాదు. ప్రతియింటి పొయ్యి చెప్పిన మాట. తన నిప్పు ఆఱిపోయిన యిల్లాలు పిడకతో పొరుగింటికిఁ బోయి నిప్పు తెచ్చుకొనును. ప్రొద్దుగ్రుంకిన పిదప నిప్పు బయటి కీయరాదని కొందఱు పెట్టుకొన్న కట్టుబాటును, నిప్పునకు ధనముతో సమానమైన విలువ యుండెననుటకు గుఱుతు. అంగడులలో బీడీలు, చుట్టలు ముట్టించుకొనుటకుఁ గొన నిప్పు పెట్టి వ్రేలాడఁగట్టిన త్రాటిని జూచినవా రింకను మనలో నున్నారు. అదియు దాఁచిన నిప్పే.

ఈ యలవాటు ఎంత ప్రాచీనము? ఇందుకు నల్లగొండకుఁ బొరుగుననున్న పాలమూరు సీమ సాక్ష్యమిచ్చుచున్నది. నాఁటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరున నొక పెద్ద బూడిదదిబ్బ కలదు. ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో దానిని త్రవ్వి, ఫలితములను 1961లోఁ బ్రకటించెను. ఇట్టి దిబ్బలు ఆవుపేడ కాలుటచే నేర్పడినవని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దియందే యూహించియుండెను. నాలుగువేల యేండ్లకుఁ బైఁబడిన కాలమున, ఇనుము తెలియని పశుపాలకులు కంచెలలో మందలను గట్టి, పోగుపడిన పేడను మరల మరలఁ గాల్చిరి. పొరమీఁదఁ బొరగా నా బూడిద పేరుకొన్నది. ఆల్చిన్ ఈ కాల్పులను నేఁటి మన హోళీ, సంక్రాంతి మంటలతోఁ బోల్చి, ఋతువులనుబట్టి జరిగిన పశువుల పండుగలుగాఁ దలఁచెను. ఆ మంటలను వారు దేనితో ముట్టించిరో బూడిద చెప్పదు. కాని యినుము లేని కాలము గనుక కఱ్ఱతోఁ బుట్టించిన నిప్పో, ముందే దాఁచిన నిప్పో కావలెను. పేడ నిప్పును నిలుపునను ఎఱుక వారికిఁ గలదనుట కా దిబ్బయే నిదర్శనము. మన యిల్లాలి పిడకకును ఆ దిబ్బకును నడుమ నాలుగువేల యేండ్ల దూరమున్నను, ఎఱుక యొక్కటే.

సామూహికమైన నిప్పును నిట్లే చూడవలెను. చెరువుగట్టు గుండములు శైవాచారము. తెలంగాణపు పల్లెలలో మొహఱ్ఱమునాఁడు పీర్లయెదుట గుండము త్రవ్వి నిప్పు చేయుటయు, హిందువులును ముసల్మానులును గలసి దానిచుట్టుఁ దిరుగుటయు బహుకాలముగా నున్నది. కులమతములు వేఱైనను, నిప్పుచుట్టుఁ గూడుట యొక్కటియే.

అగ్గిపెట్టె వచ్చిన పిమ్మట

ఇంగ్లండున జాన్ వాకర్ అను మందులవర్తకుఁడు 1827లో రాపిడిపుల్లల నమ్మ నారంభించెను. పిమ్మట స్వీడనుదేశమున, పెట్టెప్రక్కన రాచిన మాత్రమే వెలుఁగు పుల్లలు తయారై లోకమంతట వ్యాపించినవి. 1923లో శివకాశియందు అయ్య నాడారు, షణ్ముగ నాడారు అనువారు కలకత్తాలో నేర్చివచ్చిన విద్యతో నగ్గిపుల్లల పరిశ్రమను స్థాపించిరి. 1934లో ప్రభుత్వమువారు అగ్గిపెట్టెలపై సుంకము విధించిరి. సుంకము విధింపఁదగినంతగా అది యింటింటి వస్తు వైనదన్నమాట. ఆ వస్తువునకు మనవారు క్రొత్తపేరు పెట్టలేదు. ప్రాకృతకాలపు ‘అగ్గి’నే పెట్టెలో నుంచి ‘అగ్గిపెట్టె’ యనిరి.

అగ్గిపెట్టెను నిందించుట నా యభిమతము గాదు. వానలో తడిసిన పొయ్యియొద్ద దూదిని ఊదుచుఁ గన్నుల నీరు గార్చిన యిల్లాలికి నది చేసిన మేలు మఱవరానిది. అయితే శతపథబ్రాహ్మణమునఁ బురూరవుని కథ యొకటి కలదు. ఊర్వశి యెడఁబాసిన పిమ్మట గంధర్వు లతనికిఁ గుండలోఁ బెట్టి యగ్ని నిచ్చిరి. అతఁడు దాని నడవిలో నుంచి యూరికిఁ బోయెను. తిరిగివచ్చి చూడఁగా నిప్పు లేదు. నిప్పున్న చోట రావిచెట్టును, కుండయున్న చోట జమ్మిచెట్టును నిలిచియున్నవి. అప్పుడు గంధర్వు లా చెట్ల కఱ్ఱలతో నరణులు చేసికొని మథింపుమని యతనికి నేర్పిరి. ఇచ్చిన నిప్పు పోయినది. నేర్చిన నిప్పు నిలిచినది.

మన మొకరు కుండలో నిచ్చిన నిప్పు గలవారము. ఆ కుండ చిన్నదై, చవుకయై, జేబులోఁ బట్టుచున్నది. అది పోయిన నాఁడు జమ్మి యింకను గట్టుమీఁదనే యుండును. పలుగురాయి బాటవెంటనే పడియుండును. కాని దూదిని మాఁడ్చుట నేర్పువా రుందురా? ఆ వృద్ధునియింటి తోలుసంచి నే చూచునప్పటికే మీఁద దుమ్ము పట్టియున్నది. శాసనము రాతిపై నుండును గనుక నెప్పటికైనఁ జదువవచ్చును. ఈ విద్య చేతులలో మాత్రమే యున్నది. ప్రతి గ్రామమునను మిగిలిన యొకరిద్దఱు వృద్ధులయొద్దకుఁ బోయి, వారు వాడిన దూది యేది, పిడక నెట్లు కప్పిరి, ఏ కఱ్ఱను మెత్తనిదనిరి యని యడిగి వ్రాసికొనుట మన పరిశోధకులకు శాసనప్రతి యెత్తుటవలెనే కర్తవ్యము. వ్రాసికొనుటతో నాఁగక, ఒకమాఱు కూర్చుండి కొట్టి చూతురుగాక. మొదటిదినమున మంట లేవదు. రెండవదినమున లేచినప్పుడు, చెరువుగట్టు గుండమున ననేకుల నడుగులక్రింద వెలుఁగు నిప్పునకును, దోసిటిలోని యా యెఱ్ఱచుక్కకును భేదము లేదని వారికే తెలియఁగలదు.